రెండంతస్తుల షెడ్డు పనికి 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్: ఏ పనికి ఎన్ని మార్కులు?

కింద వెల్డింగ్, మోటార్ల రిపేరు, పైన సామాను గది. ఇలాంటి షెడ్డు సొంతంగా లేపుకునేవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం ఒకటే: క్రేన్ పిలవాలా, ఇంట్లో ఉన్న చిన్న ట్రాక్టర్‌తో గట్టెక్కొచ్చా? మహీంద్రా జీవో 245 డీఐ, కుబోటా నియోస్టార్ బీ2441 తరగతి బళ్లకే ఈ రివ్యూ. రెండూ 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్, రెంటికీ కాగితం మీద లిఫ్ట్ (ఎత్తగల బరువు) 750 కిలోలు. దుక్కి, తోట పని సంగతి వేరు. ఇక్కడ మార్కులు షెడ్డు పనికే.

లెక్కకు 20×30 అడుగుల షెడ్డు అనుకుందాం. 10 అడుగులకో వరుస చొప్పున 4 వరుసలు, వరుసకు 3 స్తంభాలు, మొత్తం 12. కింది అంతస్తు 11 అడుగులు, పైది 9. కింది స్తంభాలు 150 ఎంఎం ఇనుప చానెళ్లు రెండేసి పెట్టెలా అతికినవి, అడ్డ దూలాలు 200 ఎంఎం ఐ-బీములు. సైజులు మాత్రం మీ నేలను బట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు చేత ఖాయం చేయించుకోండి. నల్లరేగడి అయితే మరీను.

గుంతలకు ట్రాక్టర్‌ను నమ్ముకోవద్దు. పీటీవోకు (ఇంజిన్ శక్తితో ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టు) తగిలించే పోస్ట్ హోల్ డిగ్గర్ 12 అంగుళాల బొక్క వేస్తుంది, ఫుటింగ్‌కు (స్తంభం కింద కాంక్రీటు పునాది) కావాల్సింది 4×4 అడుగుల గుంత. జేసీబీ ఒక్క పూటలో తేల్చేస్తుంది. డిగ్గర్ కంచె రాళ్లకు పనికొస్తుంది, అదీ నెమ్మదిగా తిప్పితేనే. రాయి తగిలినప్పుడు షియర్ బోల్ట్ తెగాలి, దాని పనే అది. విసుగొచ్చి దాని స్థానంలో తెగని గట్టి (హై టెన్సైల్) బోల్ట్ బిగిస్తే ఈసారి గేర్‌బాక్స్ పోతుంది.

సామాను మోయడానికి మాత్రం పదికి తొమ్మిది. 12 ఫుటింగులు అడుగు మందంతో 192 ఘనపుటడుగులు. ఎం20 రకం కాంక్రీటుకు 44 బస్తాల సిమెంటు, ఒక యూనిట్ (100 ఘనపుటడుగులు) ఇసుక, దాదాపు రెండు యూనిట్ల 20 ఎంఎం కంకర పడతాయి. యూనిట్ ఇసుక అంటే సుమారు నాలుగున్నర టన్నులు, చిన్న ట్రాలీకి మూడు ట్రిప్పులు. టిప్పర్ రోడ్డు మీదే పోసి వెళ్లిపోయినా నాలుగడుగుల సందులోంచి ట్రాక్టర్ దూరిపోతుంది (ట్రాలీ వెడల్పు ముందే కొలుచుకోండి). ట్రాలీలో బరువు కాస్త ముందుకే ఉండాలి. వెనక్కి పడితే హుక్కు పైకి లేచి ట్రాక్టర్ వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి. పల్లంలో క్లచ్ తొక్కొద్దు, ట్రాలీయే బండిని తోసేస్తుంది.

బేస్‌మట్టం నింపడానికి వెనక బ్లేడు చాలు. అడుగున్నర ఎత్తుకు 900 ఘనపుటడుగులు, దిమ్మిస తర్వాత కుంగేది కలుపుకుంటే 11 యూనిట్ల మొరం తెప్పించాలి. ఆరంగుళాల పొరలుగా పరిచి నీళ్లు కొట్టండి. టైర్లతో తొక్కిస్తే సరిపోతుందనుకోవద్దు. చక్రం జాడల మధ్య మట్టి వదులుగానే ఉండిపోయి, ఏడాది తిరగ్గానే లేత్ మెషీన్ కింద గచ్చు పగులుతుంది. ప్లేట్ కాంపాక్టర్ అద్దెకు తెచ్చుకోవాల్సిందే.

అసలు పరీక్ష ఎత్తడంలో. 750 కిలోలన్నది ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే లింకు చేతుల కొసన లెక్క. ఆ లింకులకు (త్రీ పాయింట్) ఐదడుగుల బూమ్, అంటే బరువు వేలాడదీసే ఇనుప చేయి, తగిలిస్తే 150 కిలోలే హద్దనుకోండి. ముందు వెయిట్లు పెట్టినా అంతకు మించితే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ చేతికి తెలియదు. బూమ్ కొస ఏడున్నర అడుగులు దాటి లేవదు కూడా. కాబట్టి 20 అడుగుల స్తంభాన్ని ఒకే ముక్కగా చేయించకండి, అంతస్తు దగ్గర జోడించండి.

కింది ముక్క 11 అడుగులు, బేస్ ప్లేటుతో కలిపి 125 కిలోలు. దీనికి గొలుసు ఎక్కడ కడతారన్నదే కీలకం. బరువు కేంద్రం ఐదడుగుల దగ్గరుంటుంది, అడుగు నుంచి ఆరున్నర అడుగుల దగ్గర కడితే స్తంభం తనంతట తానే నిలువుగా వేలాడుతుంది. గొలుసు జారకుండా అక్కడ ఒక చిన్న ఇనుప ముక్క (క్లీట్) ముందే వెల్డ్ చేసి ఉంచాలి. 20 ఎంఎం ఫౌండేషన్ బోల్టులకు ప్లేటులో 26 ఎంఎం రంధ్రాలు వేయించండి. ప్లేటు కింద లెవలింగ్ నట్లు, వాటి కింద గ్రౌట్ (తర్వాత నింపే సిమెంటు ముద్ద) కోసం అంగుళం ఖాళీ. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులను ప్లైవుడ్ అచ్చులో బిగించకపోతే అర అంగుళం పక్కకు జరుగుతాయి, అప్పుడు గ్యాస్ కటింగ్ పట్టుకుని కూర్చోవాలి.

దూలాల దగ్గర ట్రాక్టర్ చేతులెత్తేస్తుంది. 20 అడుగుల 200 బీము 150 కిలోలు, దాన్ని చోటికి చేర్చడమే బూమ్ పని. పైకి లేపేది స్తంభం తలమీద బోల్ట్ చేసిన ఇనుప చేతికి వేలాడే టన్ను చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువు ఎత్తే గిలక), రెండు కొసలకూ ఒక్కొక్కటి. స్తంభాలకు ముందే అడ్డకట్లు వేయాలి.

చైన్ బ్లాక్ నిదానమని కొందరు గిలక మీదుగా తాడు వేసి ట్రాక్టర్‌తో లాగిస్తారు. చిన్న బరువులకు ఫర్వాలేదు, కానీ లెక్క తెలియాలి. 100 కిలోలు ఎత్తుతుంటే పై గిలక మోసేది 200, ఎందుకంటే తాడుకు రెండు వైపులా లాగుడే. కింద దిశ మార్చే గిలక స్తంభం పాదాన్ని 100 కిలోలతో పక్కకు ఈడుస్తుంది, పైకీ అంతే లాగుతుంది. నైలాన్ తాడు సాగి ఒక్కసారిగా ఎగురుతుంది, 8 ఎంఎం స్టీల్ రోప్ వాడండి. ట్రాక్టర్ వెనక్కి నడుస్తూ లాగాలి, అప్పుడు డ్రైవర్‌కు బరువు ఎదురుగా కనిపిస్తుంది. తాడు ముందు వైపు కింది హుక్కుకే కట్టాలి, బంపర్ పైకి కాదు. బరువు గాల్లో ఉండగా క్లచ్ తొక్కినా, న్యూట్రల్ చేసినా అది కిందికే. కింద ఎవరూ ఉండకూడదు.

పై అంతస్తుకు డెక్ షీట్ (కాంక్రీటు కింద పరిచే ముడతల ఇనుప రేకు) వేసి కాంక్రీటు పోసేటట్లయితే లిఫ్ట్ ఉన్న మిక్సర్‌ను రోజు అద్దెకు తెచ్చుకోండి, ఆ పూట ట్రాక్టర్‌కు కంకర మోత తప్ప పనేమీ లేదు.

ఈ ఒక్క షెడ్డు కోసం కొత్త బండి కొనడం దండగ. బత్తాయో మల్బరీయో ఉండి ఎలాగూ కొంటున్నవాళ్లు బ్లేడు, బూమ్ కూడా చేయించుకోవచ్చు. ఊరి ఫ్యాబ్రికేటర్ చేసే బూమ్‌కు, దాన్ని లింకులకు తగిలించే పిన్నులు కొలిచి తీసుకోండి. కేటగిరీ 1 (చిన్న ట్రాక్టర్ల లింకు సైజు) అయితే కింద 22 ఎంఎం, పైన 19. పిన్ను వదులుంటే బరువు ఊగిన ప్రతిసారీ ఆ రంధ్రం ఇంకాస్త అరుగుతుంది.