అడయారు విరిగిన వంతెనకి గైడు అక్కర్లేదు

మనిషికి 1,200 చొప్పున ముగ్గురికి 3,600 రూపాయలు కట్టి, చెన్నైలో పాత వంతెనలు చూపిస్తామన్న వాళ్ల వెంట వెళ్లాం. ఒక్క పాత వంతెన మీదైనా కాలు పెట్టకుండానే తిరిగొచ్చాం. ఆ కోపం ఇంకా తగ్గలేదు. మర్నాడు మా అంతట మేమే వెళ్లి, 85 రూపాయల ఖర్చుతో విరిగిన వంతెనని కడుపు నిండా చూసొచ్చాం. ఇంకొకరు మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

నాతో వచ్చింది మా ఆవిడ, మా మామ. మామ నెల్లూరులో ఆర్ అండ్ బీలో ఏఈగా చేసి రిటైరయ్యాడు. వంతెన కనిపిస్తే పైన రోడ్డు కాదు, కింద కాళ్లు చూసే మనిషి. ఆయన కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. నెల్లూరు నుంచి రైలు, టీ నగర్‌లో లాడ్జి (రూముకి 1,900, అదనపు పరుపుకి 400) ఏ ఇబ్బందీ లేకుండా కుదిరాయి.

శనివారం పొద్దున ఆరింటికి రమ్మన్నారు. గైడు వచ్చింది ఆరూ నలభైకి. మొదట సైదాపేట. అక్కడ అడయారు నది మీద 1726లో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియన్ వ్యాపారి తన సొంత డబ్బుతో వంతెన కట్టించాడు. మార్మలాంగ్ వంతెన అనేవాళ్లు. 1960లలో దాని చోట ఇప్పటి మరైమలై అడిగళ్ వంతెన వచ్చింది. ఉస్కాన్ పేరున్న శాసనం రాయి చూడాలని మామ ఊర్లోనే చెప్పి బయల్దేరాడు. "ట్రాఫిక్ ఎక్కువగా ఉంది సార్, దిగొద్దు" అని వ్యాను పోనిచ్చేశారు.

తర్వాత అదే నది మీదున్న తిరు వి.క. వంతెన. పక్కనే 1840 నాటి ఎల్ఫిన్‌స్టన్ వంతెన. 1973లో కొత్తది వచ్చాక దాని పని అయిపోయింది. ఫుట్‌పాత్ మీద పది నిమిషాలు నిలబెట్టి ఫోటోలు తీసుకోమన్నారు. పాతదాని పునాది ఎలా వేశారని మామ అడిగితే, "ప్రశ్నలు చివర్లో" అన్నాడు గైడు. చివర అనేది రానే లేదు.

బకింగ్‌హామ్ కాలువనైతే వ్యాను కిటికీలోంచే చూపించారు. నాకు ఎక్కువ బాధేసింది ఇక్కడే. మా తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసుకి కట్టెలు, ఉప్పు పడవల మీద ఈ కాలువలోనే వచ్చేవి. కూవం నదినీ అడయారునీ కలిపే భాగాన్ని ధాత కరువులో, 1877-78లో, కరువు పని కింద తవ్వించారు. ఆకలితో ఉన్నవాళ్లు తవ్విన కాలువ అది. ఇప్పుడు దాని మధ్యలో లోకల్ రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఇదంతా చెప్పబోయి మామ మధ్యలోనే ఆపేశాడు. వినేవాళ్లు లేరు.

ఆఖరికి బెసెంట్ నగర్ బీచ్‌లో కార్ల్ ష్మిట్ స్మారకం దగ్గర దింపి, ఉత్తరం వైపు చెయ్యి చూపించి, "విరిగిన వంతెన అటు ఉంది, సేఫ్టీ కోసం తీసుకెళ్లం" అన్నారు. ఆ ముక్క డబ్బు కట్టేటప్పుడు చెప్పాలి కదా! సగం వెనక్కి ఇమ్మంటే షరతులు చదువుకోమన్నారు. హోటల్లో మా ఆవిడ పొంగల్ ముట్టుకోలేదు. మామ కాఫీ తాగినంతసేపూ మాట్లాడలేదు.

రాత్రి మా ఆవిడే అంది: "రేపు మనమే పోదాం. దారి అడిగితే ఎవరైనా చెప్తారు."

ఆదివారం తెల్లారి టీ నగర్ నుంచి సిటీ బస్సెక్కాం. తమిళనాడులో మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. మా ఇద్దరికీ కలిపి 20 రూపాయలు. బెసెంట్ నగర్‌లో దిగి, ఊరూర్ కుప్పం మీదుగా, ఆరేసిన వలలు తొక్కకుండా ఒడ్డు వెంట నడిచాం. అరగంట పట్టింది.

బెస్తవాళ్లు అటూ ఇటూ వెళ్లడానికి 1967లో అడయారు సముద్రంలో కలిసే చోట కట్టిన సన్నటి వంతెన ఇది. పదేళ్లకే, 1977లో, నీటి వడికి తెగిపోయింది. మళ్లీ కట్టలేదు. మామ ఒక స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని, విచ్చుకున్న కాంక్రీటు మీద వేలు పెట్టి చూపించాడు. లోపలి ఇనుప కడ్డీ పొరలు పొరలుగా లేచి, ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలుతోంది. "చూడు అబ్బయా, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచే పగలగొడుతుంది. కానీ వంతెనని పడగొట్టేది ఎక్కువగా నీళ్లే. వరదొస్తే కాళ్ల కింద ఇసకని తోడేస్తాయి. ఇసక పోతే ఎంత గట్టి వంతెనైనా నిలబడదు."

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి లేచొచ్చాడు. ఆ చివర పెచ్చులు ఊడుతున్నాయని, ఎక్కడిదాకా వెళ్లొచ్చో తానే ముందు నడిచి చూపించాడు. మామకి వచ్చీరాని తమిళంలో ఇద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు. వచ్చేటప్పుడు నలుగురం కలిసి టీ తాగాం, 45 రూపాయలు. బస్సుకి మళ్లీ 20.

వెళ్లేవాళ్లు పొద్దున ఆరు, ఎనిమిది మధ్యే వెళ్లండి. చీకటి పడ్డాక వద్దు, దీపాలు లేవు. గాజుపెంకులున్నాయి, చెప్పులు విప్పొద్దు. అంచు దాకా వెళ్లొద్దు, నీళ్లలో అసలు దిగొద్దు. పిల్లలతో అయితే ఒడ్డు నుంచే చూడండి.

సైదాపేట రాయి ఇంకా బాకీ ఉంది. సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే వెళ్దామని మామ రైల్లోనే డేటు చూసిపెట్టాడు.