కాటుక కళ్లు, ఐ ట్రాకర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో మా ల్యాబ్‌కి ఐ ట్రాకర్, అంటే కన్ను ఎటు చూస్తోందో కెమెరాతో కనిపెట్టే యంత్రం, వచ్చి నాలుగేళ్లయింది. దాని స్పీడు, కచ్చితత్వం కొనేవాళ్లకి ఎలాగూ తెలుసు. నేను చెప్పేది పిల్లల గురించి.

వాక్యం అర్థమైందా అని నాలుగేళ్ల పాపని అడిగితే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ఈ యంత్రంతో అడిగే పనే లేదు. తెర మీద పిల్లి, కుక్క, పాలు, బంతి బొమ్మలు పెట్టి వాక్యం వినిపిస్తాం. 'పిల్లికి' అనగానే ఒక పాప చూపు పాల మీదికి వెళ్లింది. 'పోసింది' ఇంకా రానేలేదు. ఇంకోసారి 'పిల్లిని' అంటే కుక్కని చూసింది. విన్న మాటకి కన్ను కదలడానికే దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చివర్లో వచ్చే క్రియ కోసం ఆగకుండా, ఆ చిన్న 'కి' పట్టుకునే ముందుకెళ్లిపోయిందన్నమాట. ఒక్క పాపని చూసి ఏదీ తేల్చకూడదు. అయినా ఆ రికార్డింగ్ ఎన్నిసార్లు చూశానో!

రెండో నెలలో చిత్తూరు వైపు నుంచి ఆరుగురు పిలకాయలు వచ్చారు. ఒక్కరికీ క్యాలిబ్రేషన్, అంటే యంత్రాన్ని వాళ్ల కంటికి సరిచూసుకోవడం, కుదరలేదు. కేబుళ్లు మార్చాం, కంపెనీకి ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించమన్నారు. రెండు రోజులు పోయాయి. చివరికి కెమెరా బొమ్మ పెద్దది చేసి చూస్తే యంత్రం పెట్టే గుర్తు కంటిపాప మీద లేదు, కింది రెప్ప మీద ఉంది. ఇంట్లో చేసిన చిక్కటి కాటుక! ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో కంటిపాప ఎంత నల్లగా కనిపిస్తుందో అదీ అంతే నల్లగా కనిపించింది.

"కాటుక తుడవచ్చా అమ్మా?" అని అడిగితే, "దిష్టి తగుల్తుంది మేడం" అంది ఆ తల్లి. పక్కనున్న అవ్వే దారి చూపింది: "బుగ్గన చుక్క పెట్టు, కంటిది తుడువు." ఇప్పుడు ముందురోజే ఫోన్ చేసి అదే చెబుతున్నాం.

తల ఎక్కడుందో కెమెరాకి తెలిపే స్టిక్కర్ నుదుటి మీద ఉంటే తల కదిలినా పర్వాలేదని మొదటి ఏడాది అందరికీ చెప్పాను. కొంచెం కదిలితే సరే. పిల్ల అమ్మ ఒళ్లోకి వాలిందంటే కన్ను దొరకదు. కొండ మీద తలనీలాలిచ్చి వచ్చిన పిల్లలకైతే స్టిక్కర్ బాగా నిలుస్తుంది, జుట్టు అడ్డం రాదు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి మందపాటి కర్టెన్లు తప్పవు. మే నెలలో అలా మూసిన గదిలో కరెంటు పోతే పిల్లలు కూర్చోలేరు. అందుకే పొద్దున్నే పిలుస్తాం.

మాకు వేరే గది, యూపీఎస్, ఓపికున్న విద్యార్థులు ఉన్నారు కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్లు ఎలా చదువుతారన్న దాని మీదే పని చేసేవాళ్లకి గడ్డం ఆనించే స్టాండున్న రకమే మేలంటాను. ఊరూరా తిరిగి అంగన్‌వాడీల్లో చేయాలంటే మాత్రం, నేనైనా ఇదే కొంటానా అంటే చెప్పలేను.