క్లాసులో పవర్‌పాయింట్: ఆరేళ్లు వాడాక

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా సోషల్, లెక్కలు రెండింటికీ స్లైడ్లు వాడి చూశాక నా మార్కులివి: సోషల్‌కి పదికి ఎనిమిది, లెక్కలకి మూడు. విజయవాడలో యాభై మంది పట్టే గది, సీలింగుకి బిగించిన ప్రొజెక్టరు, ఓ పాత ల్యాప్‌టాప్. సరంజామా ఇంతే.

ఎనిమిది ఎందుకో కృష్ణా డెల్టా పాఠంలో తెలుస్తుంది. బోర్డు మీద మ్యాపు గీసేసరికే పావుగంట పోతుంది. స్లైడులో అయితే ఖాళీ మ్యాపు మీద ముందు నది వస్తుంది, తర్వాత ప్రకాశం బ్యారేజీ, ఆపైన ఒక్కో కాలువ. ఏలూరు, బందరు, రైవస్ కాలువల్ని ఫ్రీఫామ్ గీతలుగా (చేత్తో వంపులు తిప్పే గీతలు) గీసి, వైప్ యానిమేషన్ (బొమ్మ ఒక అంచు నుంచి మెల్లగా కనిపించేది) ఎడమ నుంచి మూడు సెకన్లకి పెడితే నీళ్లు పారినట్టే గీత సాగుతుంది. కొమ్మమూరు కాలువ దక్షిణానికి పోతుంది కనుక దానికి పైనుంచి పెట్టాలి. వైప్ మామూలుగా కింది నుంచి మొదలవుతుంది. మార్చడం మరిచారా, సముద్రం దగ్గర్నుంచి నీళ్లు బ్యారేజీకి ఎక్కుతాయి! 1855 నాటి ఆనకట్ట, 1957 నాటి బ్యారేజీ ఒకటి కావని చెప్పడానికి కూడా రెండు స్లైడ్లు ముందుకీ వెనక్కీ తిప్పితే చాలు.

లెక్కల్లో ఇదే గుణం దోషమవుతుంది. థేల్స్ సిద్ధాంతం నిరూపణ నాలుగు క్లిక్కుల్లో అయిపోతుంది, పిల్లలు తలలూపుతారు, నోటుబుక్కులో రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. చాక్‌పీసు నెమ్మదే అక్కడ కావాలి. గ్రాఫు పాఠానికి మాత్రం గళ్ల స్లైడు ఒక్కటే వైట్‌బోర్డు మీద వేసి, బిందువులు మార్కరుతో పెట్టించండి. నున్నటి బోర్డు మీద లైటు మెరిసి కొన్ని బెంచీలకి కనపడదు. గళ్లను ఆ మెరుపుకి పక్కగా జరపాలి.

తెలుగు అక్షరాల బాధ వేరు. యూనికోడ్ కాని డీటీపీ ఫాంటుతో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులే. నిర్మలా యూఐ అనే యూనికోడ్ ఫాంటు వాడితే విండోస్ 8 నుంచి ఏ విండోస్ సిస్టంలోనైనా కనిపిస్తుంది. సైజు 28కి తగ్గితే వెనక బెంచీకి గుడి, గుడిదీర్ఘం తేడా తెలీదు. లైన్ స్పేసింగ్ 1.3 ఉంచకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్ల మీద కూర్చుంటాయి. స్లైడుకి ఐదు వరుసలు దాటనివ్వకండి. దాటితే పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకోవడంలో పడతారు, మీ మాట వినరు. నోట్సు విడిగా ఇవ్వడమే మేలు.

పాత ప్రొజెక్టర్ల తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3, కొత్త పవర్‌పాయింట్ స్లైడుది 16:9. అలాగే వేస్తే పైనా కిందా నల్లపట్టీలొచ్చి తెరలో పావు వంతు వృథా. డిజైన్‌లో స్లైడ్ సైజు ముందే మార్చుకోవాలి. అంతా తయారయ్యాక మారిస్తే బొమ్మలు చెదురుతాయి.

గోడకి బిగించిన ఆండ్రాయిడ్ ప్యానెల్ (పెద్ద టచ్ తెర) మీద నడిపేటట్టయితే యానిమేషన్ని నమ్ముకోవద్దు. అందులోని యాప్ కొన్నిటిని ఎగరగొట్టేస్తుంది. పీడీఎఫ్ చేస్తే అన్నీ ఒకేసారి ప్రత్యక్షమవుతాయి. అందుకని స్లైడుని కంట్రోల్ డీతో కాపీ చేసుకుంటూ ఒక్కో కాపీకి ఒక్కో కాలువ కలపండి. ఇరవై స్లైడ్లయినా ఎక్కడైనా నడుస్తుంది.

క్లాసులో అక్కరకొచ్చే మీటలు రెండు. బి నొక్కితే తెర నల్లబడుతుంది, కళ్లన్నీ మీ వైపు తిరుగుతాయి. స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే తిన్నగా ఆ స్లైడుకే పోవచ్చు.

ఇక మన ఎండాకాలం. దుమ్ముకి ఫిల్టరు మూసుకుపోయి ప్రొజెక్టరు వేడెక్కి పాఠం మధ్యలో ఆగిపోతుంది. నెలకోసారి ఫిల్టరు తీసి దులపాలి. ల్యాంపు రకమైతే పాఠం అవగానే గోడ స్విచ్చి కట్టేయకూడదు, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉండాలి. గదంతా చీకటి చేయనక్కర్లేదు, తెర దగ్గరి ట్యూబులైటు ఒక్కటి ఆర్పితే సరి. అన్నీ ఆర్పితే, మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్‌లో సగం బెంచీలు నిద్రలోకి జారుకుంటాయి.