ప్లాస్టిక్ పలకల ఎత్తు కొట్టం: జబ్బు చేసి కోలుకుంటున్న మనిషి ఉన్న ఇంటికి పనికొస్తుందా?

ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో విడిభాగాలుగా తెచ్చి బిగించే మేకల కొట్టాలు ఇప్పుడు బాగా కనబడుతున్నాయి. ఇనుప గొట్టాల ఫ్రేము, నేలకు బదులు సందులున్న ప్లాస్టిక్ పలకలు, పైన రేకు, చుట్టూ కటకటాలు, మేత తొట్టి, ఎక్కడానికి ఒక ర్యాంపు. అమ్మేవాళ్ళు వీటి గురించి ఎప్పుడూ వంద మేకల ఫారం లెక్కలే చెబుతారు. పెరట్లో మూడు నాలుగు మేకలుండి, వాటిని చూసుకునే మనిషి ఆపరేషనో, టీబీయో, టైఫాయిడో అయి ఇంకా నీరసంగా ఉంటే ఆ కొట్టం ఎంత ఆదుకుంటుంది అన్నది ఎవరూ చెప్పరు. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న చిన్న కిట్టును ఆ కంటితో చూసి రాస్తున్న సమీక్ష ఇది. నేల విషయంలో ఈ కొట్టానికి వంక పెట్టలేం. ర్యాంపు, తొట్టి, గడియ మాత్రం వచ్చినవి వచ్చినట్టు వాడితే మనిషికీ మేకకూ కష్టమే. వాటిని మార్పించుకోకుండా డబ్బు కట్టొద్దు.

ముందు చోటు సంగతి. పెద్ద మేకకు 10 నుంచి 12 చదరపు అడుగులు కావాలి. ఈ కిట్టు 48 చదరపు అడుగులు, అంటే పెద్దవి నాలుగే. ఆరు పడతాయని అమ్మేవాళ్ళు అంటారు. నిలబెడితే పడతాయి కానీ పడుకోవడానికి చోటు చాలక కొమ్ములున్నవి చూలు మేకల్ని పొడుస్తాయి. పోతును ఇందులో కలపకూడదు, దాన్ని విడిగా కట్టాల్సిందే.

పలకల నేల ఎందుకు మేలంటే, పెంటికలు, మూత్రం సందుల్లోంచి కిందికి దిగిపోతాయి, మేక పొడి నేల మీద పడుకుంటుంది. మట్టి నేల కొట్టంలో రోజూ ఊడ్చి, బూడిదో సున్నమో చల్లి, వానాకాలంలో బురద ఎత్తిపోయాలి. కడుపు కోసి కుట్లు వేసినవాళ్ళకు కొన్ని వారాలపాటు వంగొద్దు, బరువులెత్తొద్దు అని డాక్టర్లు చెబుతారు. మట్టి నేల ఊడవడం అంటే సరిగ్గా ఆ రెండు పనులే. పైగా తడి నేల మీద మూత్రం మురిగి లేచే ఘాటు మేకల ఊపిరితిత్తుల్నీ పాడుచేస్తుంది, మనిషి ఊపిరినీ. టీబీ నుంచి లేచినవాళ్ళకు ఆ గాలి అసలు పడదు. గిట్టల సందుల్లో పుండ్లు, నట్టల (కడుపు పురుగుల) బెడద కూడా పొడి నేల మీద తగ్గుతాయి. తగ్గుతాయంతే, పోవు. బయట మేసి వచ్చే మేకకు నట్టల మందు ఎలాగూ తప్పదు.

పలకల నేల ఎంత ఎత్తున ఉండాలి, మూడడుగులా, నాలుగడుగులా, ఐదడుగులా అని అమ్మేవాళ్ళు అడుగుతారు. ఇంటి అవసరానికి మూడడుగులు తీసుకోండి. నాలుగూ ఐదూ కొట్టం కిందికి మనిషి దూరి ఎత్తిపోసే ఫారాలకు. మనకు ఆ దూరడమే ఉండకూడదు. అందుకు ఒక చిన్న ఏర్పాటు అడిగి చేయించుకోవాలి: పలకల కింద ఒక రేకును వాలుగా కట్టించడం. వెనక రెండున్నర అడుగుల ఎత్తు, ముందు ఒక అడుగు ఎత్తు ఉంటే ఆరడుగుల వెడల్పు మీద అడుగున్నర వాలు వస్తుంది. ఎండు పెంటికలు కొన్ని వాటంతటవే ముందుకు దొర్లుతాయి. మిగిలినవి పొడుగు కర్రకు బిగించిన చిన్న పారతో నిలబడే లాక్కోవచ్చు. ముందు అంచు కింద గమేళా పెట్టి, సగానికి మించి నిండనివ్వకుండా తీసెయ్యాలి. మేకలు పారుకుంటున్నప్పుడు రేకుకు అంటుకుపోతుంది, అప్పుడు నీళ్ళ గొట్టం పెట్టాలి. లాగే ముందు ఎప్పుడైనా కాసిని నీళ్ళు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని పని చేయాలి. ఎండిన పెంటికల దుమ్ము నీరసించిన ఒంటికి మంచిది కాదు. వానకు తడవని ఆ ఎరువుకు పొదలకూరు వైపు నిమ్మతోటల రైతుల దగ్గర గిరాకీ ఉంటుంది. పోగుచేసి ఉంచితే వాళ్ళే వచ్చి ఎత్తుకుపోతారు, మనం మోయాల్సిన పని లేదు.

ఇక ర్యాంపు. కిట్టుతో వచ్చేది నాలుగడుగుల పలక. మూడడుగుల ఎత్తుకు నాలుగడుగుల పలక అంటే దాదాపు నిచ్చెన. మేకలు ఎక్కుతాయి, నిజమే, మేక ఎక్కనిదేముంది! కానీ నెలలు నిండిన చూలు మేక దిగేటప్పుడు ముందుకాళ్ళు జారి కటకటాలకు కొట్టుకుంటుంది. అప్పుడు చెయ్యి వేసి ఆపబోయేది పక్కన నిలబడ్డ ఆ నీరసపు మనిషే. నలభై కిలోల మేక మీద పడితే కుట్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

దీనికి మందు: ర్యాంపును రెండు ముక్కలుగా చేయించండి. ఒక్కో ముక్క నాలుగున్నర అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. రెంటికీ మధ్య నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో ఒక అరుగు. చోటు చాలకపోతే అరుగు దగ్గర మలుపు తిప్పి గోడ వెంట పెట్టించండి. ఎనిమిది, పది అంగుళాలకో అడ్డపట్టీ, ఒక పక్క కమ్మీ. వెల్డింగు షాపులో దీనికి అదనంగా ఖర్చవుతుంది, కానీ ఈ కొట్టంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఎందుకంటే ఆ అరుగే పాలు పితికే చోటు అవుతుంది. అడుగున్నర ఎత్తులో మేక నిలబడితే పొదుగు దాదాపు రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. మామూలు కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని పితకొచ్చు. గొంతుక్కూర్చోవడం ఉండదు. గిట్టలు కత్తిరించడం, మందు తాగించడం, 1962 కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం డాక్టరు సూది వేయడం, అన్నీ అక్కడే. మెడపట్టీ తగిలించడానికి ఒక కొక్కెం, ముందు గుప్పెడు శనగపొట్టు పెట్టే గిన్నె ఉంటే మేకను పట్టుకోవడానికి రెండో మనిషి చాలాసార్లు అవసరం లేదు.

మేత తొట్టి లోపలి వైపు బిగించి ఇస్తున్నారు. మేకలు అందులోకి ముందుకాళ్ళు పెడతాయి, పెంటికలు వేస్తాయి. మేక తొక్కిన మేత మేక ముట్టదు. వేసినదంతా పారేసి మళ్ళీ వేయాలంటే రెట్టింపు పని. తొట్టిని కటకటాల బయట వైపు, మేకల గుండెల ఎత్తులో తగిలించమనండి. తల దూర్చే సందు మన మేకల కొమ్ములకు సరిపోతుందో లేదో చూసుకోవాలి, కొమ్ము ఇరుక్కుంటే విడిపించడం బలమున్నవాళ్ళ పని. అవిశ, సుబాబుల్, వేప మండలను కట్టగా కట్టి తాడుతో బయటి కమ్మీకి వేలాడదీస్తే ఇంకా మంచిది, మేక మెడ ఎత్తి తినడానికే ఇష్టపడుతుంది. వేరుశనగ కట్టె, కందిపొట్టు తొట్టిలోకి. వల సంచుల్లో మేత పెట్టొద్దు, కాళ్ళూ కొమ్ములూ చిక్కుకుంటాయి.

నీళ్ళకు బకెట్ ఇస్తారు. పది లీటర్ల బకెట్ అంటే పది కిలోలు. ఎండాకాలంలో నాలుగు మేకలకు రోజుకు ఇరవై లీటర్ల దాకా కావాలి. కుళాయి నుంచి అరంగుళం గొట్టం లాగి, చిన్న తొట్టిలో తేలే బంతి వాల్వు బిగిస్తే ఈ మోత మొత్తం తప్పుతుంది. గడియ గురించి ఒక్క మాట: ఒక్క కొక్కెం గడియను మేక పెదవులతోనే తీసేస్తుంది. తప్పించుకున్న మేక వెనకాల పరుగెత్తే స్థితిలో మన మనిషి లేడు. కిందొకటి, పైనొకటి పెట్టించండి.

మన వైపు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి ఏటవాలుగా కొడుతుంది. కిట్టు రేకు చూరు ఒక్క అడుగే బయటికి ఉంటుంది. తూర్పు, ఉత్తరం వైపుల కనీసం రెండున్నర అడుగులు పెంచాలి, ఆ రెండు వైపులా పైకి చుట్టే పట్టలు కట్టాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరం వెంబడే పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి నేల మీద ఊరికే నిలబెట్టిన ఫ్రేము ఆగదు. కాళ్ళు రెండడుగుల లోతున కాంక్రీటులో దిగాలి. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు గొడవ వేరే, అక్కడ ఎండ. రేకు మీద తాటాకో బోదగడ్డో పరిపించకపోతే మధ్యాహ్నం మేకలు నోళ్ళు తెరిచి రొప్పుతాయి. కొత్తపట్నం, సింగరాయకొండ, అల్లూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలీ మేక మూత్రమూ కలిసి మామూలు ఇనుమును తినేస్తాయి. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) గొట్టాలు ఉంటేనే తీసుకోండి, వెల్డింగు అతుకుల మీద జింకు రంగు వేయించండి.

పలకల కింద దూలాలు అడుగుకొకటి ఉన్నాయా అని వంగి చూడమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. దూరంగా ఉంటే పలక మధ్యలో కుంగి, అతుకు ఊడి, మేక కాలు దిగబడుతుంది. ఎండ పడే అంచు పలకలే ముందు పెళుసెక్కుతాయి కాబట్టి రెండు పలకలు అదనంగా కొని ఉంచుకోవడం మంచిది. అప్పుడే పుట్టిన పిల్లల గిట్టలు సన్నం, సందుల్లో ఇరుకుతాయి. మొదటి రెండు వారాలు ఒక మూల గోనెపట్టా పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి.

ఎంత మంచి కొట్టమైనా చేయలేనిది ఒకటుంది. మేక ఈనేటప్పుడు, ఈసుకుపోయినప్పుడు వచ్చే మాయ, నీళ్ళు, చచ్చిన పిల్ల, వీటిని కోలుకుంటున్న మనిషి ముట్టకూడదు. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు వాటి నుంచి మనుషులకు వస్తాయి. మూతి పుండ్లున్న మేకకు మందు రాసేది కూడా గ్లవుజులు వేసుకున్న వేరే మనిషే. పాలు పొంగు వచ్చేదాకా కాచే తాగాలి, పచ్చిపాలు బలమని ఎవరు చెప్పినా వినొద్దు. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు మేకల దగ్గర ఏ పని చేయొచ్చో తమ డాక్టరును అడగాలి. అలాగని కోలుకునేవాళ్ళను మేకల దగ్గరికే పోనివ్వకుండా మంచానికి కట్టేయడం మాత్రం న్యాయం కాదు. తొట్టిలో మేత సర్దడం, వేప మండ కట్టడం, సాయంత్రం అరుగు పక్కన కుర్చీ వేసుకుని పాలు పితకడం, ఇవి చేయగల పనులు, చేయాలనిపించే పనులు. పొద్దున్నే అరిచి పిలిచే ప్రాణి ఉంటే మనిషి లేచి నాలుగడుగులు వేస్తాడు.

కొనేటప్పుడు పలకలకు చదరపు అడుగు లెక్కన ఒక ధర చెప్పి, ఫ్రేము, రేకు, రవాణా, బిగింపు తర్వాత కలుపుతారు. అన్నీ కలిపి ఒక్క కాగితం మీద రాయించుకోండి, రెండు ముక్కల ర్యాంపు, వాలు రేకు, బయటి తొట్టి, జోడు గడియ, పెంచిన చూరు అందులోనే ఉండాలి. బిగించడం ఇద్దరు బలమైనవాళ్ళ రోజంతా పని. కాంక్రీటు గట్టిపడటానికి ఒక వారం వదిలి, ఆ తర్వాతే మేకల్ని ఎక్కించండి. ముందు పెద్ద మేకను మేత చూపించి ఎక్కిస్తే మిగతావి దాని వెనకే వెళతాయి.