మోకాలి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు స్కానింగ్ సాయం: అదనపు ఖర్చు ఎవరికి గిట్టుబాటు?

గుజ్జు అరిగిన మోకాలికి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ స్టెరాయిడ్ వేసే సేవ ఇది. మా మాట ముందే చెప్పేస్తాం: సూది చోటు తప్పకుండా చూడడంలో దీనికి మంచి మార్కులే. మందు బలాన్ని మాత్రం ఇది పెంచదు.

చేతి అంచనాతో వేస్తే తప్పుతుందా? 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, నీరు చేరని మోకాళ్లకు ఒకే సర్జన్ వేసిన ఇంజెక్షన్లలో చిప్ప పక్క నుంచి వేసినవి 93 శాతం కీలులో పడ్డాయి. ముందు వైపు బయటి పక్క నుంచి వేసినవి 71, లోపలి పక్క నుంచి వేసినవి 75 శాతమే. ఇందులో వాడే స్టెరాయిడ్ ట్రయామ్సినలోన్ కీలు దాటి చర్మం కింద చేరితే తెల్లమచ్చో గుంటో పడొచ్చు.

సరిగా చేసేచోట రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి కాలు 20-30 డిగ్రీలు వంచుతారు. లీనియర్ ప్రోబ్‌ను (స్కానింగ్ మిషన్‌లో ఒంటికి ఆనించే భాగం) చిప్పకు ఎగువన అడ్డంగా ఆనిస్తే, తొడ కండరపు స్నాయువు కింద కీలు సంచి సన్నటి నల్లచారలా కనబడుతుంది. బయటి పక్క నుంచి 22 గేజ్ సూదిని, మొన తెరమీద కనబడుతుండగానే, అందులోకి దింపాలి. నీరుంటే ముందు లాగేయాలి, లేకపోతే మందు పలచబడుతుంది. ఆ తర్వాత 40 మి.గ్రా. ట్రయామ్సినలోన్, 3-4 మి.లీ. 1 శాతం లిగ్నోకైన్ (తిమ్మిరి మందు). మందు తేలిగ్గా పోతూ సంచి ఉబ్బితే చోటు సరైనదే. గట్టిగా నొక్కాల్సి వస్తే మొన స్నాయువులోనో కొవ్వులోనో ఉందన్నమాట, ఆపి సరిచేయాలి. ప్రోబ్‌కు స్టెరైల్ తొడుగు, స్టెరైల్ జెల్ లేనిచోట చేయించుకోకండి.

లావుపాటి మోకాలికి, ముందు వేసిన ఇంజెక్షన్ పనిచేయనివారికి ఈ ఖర్చు దండగ కాదు. నీరు నిండి ఉబ్బిన మోకాలికి అనుభవమున్న చేయి చాలు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 సూచనలు కూడా తుంటికి స్కానింగ్ గట్టిగా కోరాయి, మోకాలికి తప్పనిసరి చేయలేదు.

ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలే. 12 వారాలకోసారి చొప్పున రెండేళ్లు 40 మి.గ్రా. ట్రయామ్సినలోన్ వేసిన 2017 అధ్యయనంలో, సెలైన్ వేసినవారి కంటే గుజ్జు ఎక్కువ తగ్గింది, నొప్పిలో తేడా లేదు. అందుకే ఏడాది ప్యాకేజీలు కొనొద్దంటాం. మోకీలు మార్పిడి మూడు నెలల్లో ఉంటే అసలు వేయించుకోవద్దు.

షుగరున్నవాళ్లు వారం పాటు రోజూ పరీక్షించుకోవాలి, పెరుగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి ఎక్కువైతే ఐస్ చాలు. జ్వరంతో పాటు వాపు పెరుగుతుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.