ఫ్రిజ్ నుంచి గ్రైండర్ రాయి దాకా: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915తో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్రిజ్ 2023 ఎండాకాలంలో, కొన్న తొమ్మిదో నెలకే చల్లబడటం మానేసింది. దోసెల పిండి సాయంత్రానికల్లా పొంగి మూత తన్నేసింది. టెక్నీషియన్ వచ్చి గ్యాస్ పోయిందన్నాడు. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఉంది గానీ గ్యాస్‌కు లేదట, 3,200 కట్టాలట. ఏడాది వారంటీ ఇంకా అయిపోలేదు కదా అంటే, "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది మేడమ్" అని వెళ్లిపోయాడు. మూడు వారాలు కస్టమర్ కేర్‌తోనే సరిపోయింది.

అప్పుడు చేశాను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. షాపులో కన్నడ, కస్టమర్ కేర్‌తో వచ్చీరాని హిందీ మాట్లాడి విసిగిపోయి ఉన్నానేమో, "చెప్పండమ్మా" అని వినబడగానే పిండి పొంగిన సంగతితో సహా మొత్తం చెప్పేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "ఇంతకీ మీకేం కావాలండీ? రిపేరా, కొత్తదా, డబ్బులా?" అంది. తెల్లబోయాను. మూడు వారాలుగా తిట్టడమే తప్ప ఆ మాట నేనెక్కడా అనలేదు. లీకు సరిచేసి ఉచితంగా గ్యాస్ నింపాలి అని చెప్పి, బిల్లు, వారంటీ కార్డు ఫొటోలు పంపాను. డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, వచ్చింది. ఆరో రోజున కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు. అదే టెక్నీషియన్ వచ్చాడు, పైసా అడగలేదు.

ఇందులో మాయ లేదు. వెయ్యికి పైగా కంపెనీలు ఈ హెల్ప్‌లైన్‌తో కలిసి పనిచేస్తున్నాయి. మన ఫిర్యాదు నేరుగా వాళ్ల లోపలి మనిషి దగ్గరికి చేరుతుంది. అంతే, ఫలానాది చెయ్యమని ఆదేశించే అధికారం దానికి లేదు. ఆ జాబితాలో లేని చిన్న వ్యాపారి జవాబివ్వకపోతే చేయగలిగింది తక్కువ. అది నాకు 2024లో తెలిసొచ్చింది.

విజయవాడ నుంచి అత్తయ్యగారి సామాను తెచ్చిన ప్యాకర్స్ వాళ్లు టీవీ స్క్రీన్ పగలగొట్టారు, గ్రైండర్ రాయి రెండు ముక్కలు చేశారు. రసీదు కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'ఓనర్స్ రిస్క్' అని ఉంది, అంటే ఏం పగిలినా బాధ్యత సామాను వాళ్లదేనట. హెల్ప్‌లైన్ నుంచి వెళ్లిన ఫిర్యాదుకు ఉలుకూ పలుకూ లేదు. దాంతో ఆదేశించే అధికారం ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లో కేసు వేశాను. పాత చట్టమైతే విజయవాడ పోవాల్సి వచ్చేదేమో. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు. వస్తువుకో సేవకో మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కేసు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గొడవ జరిగిన రెండేళ్లలోపు వేయాలి, అది మాత్రం మరిచిపోవద్దు.

నన్ను గట్టెక్కించింది డ్రైవర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్: "సారీ మేడమ్, తాడు తెగింది, ఓనర్‌కి చెప్పకండి." పాపం, అతన్ని ఇరికించడం ఇష్టం లేక రెండు రోజులు ఆలోచించాను. చివరికి అతని పేరు, నంబరు కొట్టేసి జత చేశాను. అవతలి లాయర్ వాయిదాల మీద వాయిదాలు అడిగాడు. నేను ఆఫీసుకు నాలుగు సెలవులు పెట్టాను. పదకొండో నెలలో రాజీకి వచ్చారు. 26,000 అడిగితే 18,000 ఇచ్చారు, తీసుకున్నాను. ఇంకో ఏడాది తిరిగే ఓపిక లేదు. తప్పు చేశానంటారా, ఏమో.

మా తమ్ముడికి బ్యాంకుతో గొడవ వస్తే దారి వేరే. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) దగ్గరికి వెళ్లాలి. అది ఉచితమే.

చివరగా పాత ఇంటి అడ్వాన్సు గురించి కూడా 1915నే అడిగాను. పెయింటింగ్ పేరుతో ఓనరు ఒక నెల అద్దె కోసేశాడు. "అది మా పరిధిలోకి రాదండీ" అన్నారు. ఆ నెల అద్దె ఇంకా ఓనరు దగ్గరే ఉంది.