స్ట్రీట్ గ్లైడ్‌లో స్పీకర్లు, యాంప్లిఫయర్ మార్పు: చాలాకాలం వాడిన మీదట

డాలస్ పరిసరాల నుంచి టెక్సాస్ హిల్ కంట్రీ వైపు తరచుగా వెళ్లే నా హార్లీ-డేవిడ్‌సన్ స్ట్రీట్ గ్లైడ్ మోటార్‌సైకిల్‌కు బండితో వచ్చిన స్పీకర్లు ఊళ్లో బాగానే పనిచేసేవి. హైవే మీద గంటకు 70 మైళ్లు దాటితే మాత్రం పాటలో మాటలు తెలిసేవి కావు; వాల్యూమ్ పెంచితే గాయకుడి గొంతు బొంగురుపోయేది. అందువల్ల ముందు ఫెయిరింగ్‌లో (గాలిని అడ్డుకునే ముందు కవచంలో) ఒక జత, వెనుక పెట్టెల మూతల్లో మరో జత స్పీకర్లు పెట్టించి, ఛానల్‌కు 75 వాట్లు ఇచ్చే నాలుగు ఛానళ్ల క్లాస్-డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్లిఫయర్ (యాంప్) బిగించుకున్నాను.

కొనేవారు సాధారణంగా వాట్లు చూస్తారు. నేను మాత్రం ముందు సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు స్పీకరు ఎంత శబ్దం ఇస్తుందో, చూడమంటాను. శబ్దం 3 డెసిబెళ్లు పెరగాలంటే యాంప్ శక్తి రెట్టింపు కావాలి; కనుక 88 డెసిబెళ్ల స్పీకరు స్థానంలో 94 డెసిబెళ్లది పెడితే అంతే శబ్దానికి నాలుగో వంతు వాట్లు సరిపోతాయి. గాలి హోరు బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి బేస్ ఎంత పెంచినా అది అందులో కలిసిపోతుంది, పైగా స్పీకరులోని చిన్న కోను అనవసరంగా ఊగి గొంతును చెడగొడుతుంది. ఒక హద్దుకు దిగువన ఉన్న ఫ్రీక్వెన్సీలను ఆపే హై-పాస్ ఫిల్టరును 100 హెర్ట్జ్ దగ్గర పెట్టిన తరువాతే నాకు అసలు తేడా తెలిసింది. గొంతునే ముందుంచి రికార్డు చేసిన ఘంటసాల పద్యాలు ఇప్పుడు హైవే మీద అక్షరం అక్షరం వినిపిస్తున్నాయి. బేస్ దట్టించిన నేటి పాటలు అంత స్పష్టంగా రావు.

2014 తరువాతి ఈ బండ్ల రేడియోలో అసలు స్పీకర్లకు తగినట్టు ఈక్వలైజర్ (బేస్, గొంతు వంటి వాటి పాళ్లు సర్దేది) ముందే అమర్చి ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్పించకపోతే ఎంత మంచి యాంప్ పెట్టినా ఫలితం సగమే.

వైరింగ్ విషయంలో రాజీ పడకూడదు. స్ట్రీట్ గ్లైడ్ ఫెయిరింగ్ ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కాళ్లకు) బిగించి ఉంటుంది గనుక హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. తీగలకు రెండు వైపులా చివరి వరకు తిరిగేంత వదులు ఉండాలి. నా బండికి మొదట బిగించిన దుకాణంవారు ఆ వదులు ఇవ్వకపోవడంతో కొన్నాళ్లకు తీగ పై తొడుగు ఒరుసుకుపోయింది. మరోచోట మొత్తం తిరిగి వేయించాను. యాంప్‌కు బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి, ఫ్యూజును బ్యాటరీకి దగ్గరలోనే పెట్టించాలి. 300 వాట్లు పూర్తిగా తీస్తే, యాంప్ సామర్థ్యం 80 శాతం అనుకున్నా, 13.8 వోల్టుల దగ్గర సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. పాటలో సగటున అంత పడదు కానీ, ఇంజిన్ ఆపి పాటలు పెట్టుకునే అలవాటు బ్యాటరీకి మంచిది కాదు. ఆగస్టు ఎండలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫెయిరింగ్ లోపలి వేడికి యాంప్ దానంతట అదే ఆగిపోయి, బండి కదిలి గాలి తగిలాక తిరిగి పనిచేసిన సందర్భాలున్నాయి.

చెవుల సంగతి కూడా చెప్పాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు పరిమితం చేసుకోమని సూచిస్తోంది. ఆపై ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. నేను ఇయర్‌ప్లగ్‌లు లేకుండా హైవే ఎక్కను. వాటితో హోరు తగ్గి, పాట మరింత తేటగా వినిపిస్తుంది.

వెనుక స్పీకర్ల వల్ల లాభం వెనుక కూర్చున్న నా భార్యకే ఎక్కువ. వేగంలో నాకు చేరేది దాదాపు ముందు జత శబ్దమే. ఒంటరిగా తిరిగేవారు పెట్టెల మూతలు కోయించకుండా, ఆ డబ్బును ముందు జత మీదా వైరింగ్ మీదా పెట్టడం మేలు.